గిల్బర్ట్ వాకర్: మన వానల లెక్క తేల్చమని పంపితే.. ప్రపంచ వాతావరణం గుట్టు పట్టిన దొర

ఏటా ఏప్రిల్ నెల సగం దాటేసరికి మన ఫోన్లలో ఒక వార్త మోగుతుంది. ఈసారి వానలు సాధారణమా, ఎక్కువా, తక్కువా అని వాతావరణ శాఖ చెప్పే తొలి అంచనా అది. వేరుశనగ విత్తనాలు కొనాలా వద్దా అని ఆలోచించే పుంగనూరు రైతు, బోరు ఎండిపోయి నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే తిరుపతి ఇల్లాలు.. అందరి చూపూ ఆ ఒక్క అంకె మీదే.

ఆ అంకె చెప్పే పద్ధతి వెనక ఓ మనిషి కథ ఉంది. ఆయన వాతావరణ శాస్త్రం చదివినవాడు కాదు. లెక్కల మాస్టారు. గాల్లోకి విసిరితే తిరిగి వచ్చే బూమరాంగ్ అంటే పిచ్చి. వేణువు అంటే ప్రాణం. అలాంటి మనిషిని తెచ్చి, భారతదేశంలో వాన ఎప్పుడు ముఖం చాటేస్తుందో ముందే చెప్పమన్నారు. చెప్పగలిగాడా? పూర్తిగా లేదు. కానీ ఆ వెతుకులాటలో ఆయనకు దొరికిన విషయం ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. ఆయనే సర్ గిల్బర్ట్ వాకర్.

కరువు తెచ్చిన కొలువు

కథ 1876లో మొదలవుతుంది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే కాలమది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో వానలు దెబ్బకొట్టాయి. కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలతో పాటు అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా కూడా అల్లాడిపోయింది. తిరుపతి, చంద్రగిరి అప్పుడు ఆ జిల్లాలోనివే. మన చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న గానీ పుట్టలేదు.

ఆ కరువులో లక్షల మంది ప్రాణాలు పోయాయి. దానికి వాన ఒక్కటే కారణం కాదు. ధాన్యం బయటికి తరలిపోవడం, శిస్తుల భారం, చాలీచాలని సహాయ కూలి.. ఇవన్నీ కలిసి జనాన్ని చంపాయి. కానీ వాన ఎప్పుడు తప్పుతుందో ముందే తెలిస్తే కొంతైనా సిద్ధపడొచ్చు కదా అన్న ప్రశ్న ప్రభుత్వం ముందుకు వచ్చింది.

అప్పటికే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. హిమాలయాల్లో మంచు ఎక్కువ పడితే ఆ ఏడాది వానలు తగ్గుతాయని ఆయన గమనించాడు. దాని ఆధారంగా 1880ల్లోనే వానల మీద ముందస్తు అంచనాలు మొదలుపెట్టాడు. ఆయన తర్వాత జాన్ ఇలియట్ వచ్చాడు. అంచనాలు పేజీలకు పేజీలు పెరిగాయి. కానీ 1899లో వానలు ఘోరంగా విఫలమయ్యాయి. మళ్లీ కరువు. ముందే ఎందుకు చెప్పలేకపోయారంటూ విమర్శలు వెల్లువెత్తాయి.

ఇలియట్‌కు ఒక సంగతి అర్థమైంది. ఇక ఇది అనుభవంతో, కంటి అంచనాతో తేలే పని కాదు. లెక్కలు బాగా వచ్చినవాడు కావాలి. ఆ వెతుకులాట కేంబ్రిడ్జిలోని ఓ యువ గణితవేత్త దగ్గర ఆగింది.

ఇంతకీ ఎవరీ వాకర్?

గిల్బర్ట్ థామస్ వాకర్ 1868 జూన్ 14న ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో పుట్టాడు. తండ్రి ఇంజనీరు. లండన్‌లోని సెయింట్ పాల్స్ స్కూల్లో చదివి, 1886లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. 1889లో అక్కడి గణిత పరీక్షలో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చాడు. ఆ ఫస్ట్ వచ్చినవాళ్లను సీనియర్ రాంగ్లర్ అంటారు. ఆ రోజుల్లో అది మామూలు గౌరవం కాదు.

కానీ చదువు ఒళ్లు పిండేసింది. మరుసటి ఏడాదే ఆరోగ్యం దెబ్బతింది. కోలుకోవడానికి కొన్ని చలికాలాలు స్విట్జర్లాండ్‌లో గడపాల్సి వచ్చింది. అక్కడ ఖాళీగా కూర్చోలేదు. మంచు మీద స్కేటింగ్ నేర్చుకున్నాడు.

తిరిగే వస్తువంటే ఆయనకు ఎక్కడలేని ఆసక్తి. బొంగరం ఎందుకు పడిపోకుండా నిలబడుతుంది? బూమరాంగ్ విసిరినవాడి దగ్గరికే ఎందుకు తిరిగొస్తుంది? చూసేవాళ్లకు ఇవి ఆటలు. ఆయనకు లెక్కలు. 1897లో బూమరాంగ్ మీద పరిశోధన వ్యాసం కూడా అచ్చయింది. కాలేజీలో దాన్ని ఎంతగా విసిరేవాడంటే, స్నేహితులు ఆయనకు బూమరాంగ్ వాకర్ అని పేరు పెట్టేశారు.

ఇలాంటి మనిషికి 1903లో పిలుపు వచ్చింది. 1904 జనవరిలో భారత వాతావరణ పరిశీలనా కేంద్రాల డైరెక్టర్ జనరల్‌గా బాధ్యతలు తీసుకున్నాడు. అప్పటికి వయసు 35. అదే ఏడాది లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం కూడా దక్కింది. వాతావరణం గురించి తెలిసింది మాత్రం అంతంతమాత్రమే!

ముందు సీజన్‌ను పక్కన పెట్టు

సిమ్లాలో కుర్చీలో కూర్చున్న వాకర్ ముందు కొండలా పేరుకున్న రికార్డులు ఉన్నాయి. ఏ ఊళ్లో ఎంత వాన పడింది, గాలి ఒత్తిడి ఎంత, ఉష్ణోగ్రత ఎంత.. ఏళ్ల తరబడి రాసిన అంకెలు. వాటిలోంచి రేపటి సంగతి ఎలా తీయాలి?

ఇక్కడే అసలు మెలిక ఉంది. మన ఊరి ఉదాహరణతోనే చూద్దాం. తిరుపతిలో మే నెలలో ఎండ మండిపోయిందంటే అది వార్త కాదు. ఏటా మండుతుంది. నవంబర్‌లో వాన పడిందన్నా వార్త కాదు. ఏటా పడుతుంది. మే కంటే నవంబర్‌లో వాన పెరిగింది అని చెబితే నవ్వుతారు. ఈ నవంబర్‌లో, నవంబర్‌లో మామూలుగా పడేదానికంటే ఎక్కువ పడిందా, తక్కువ పడిందా? అదీ వార్త.

అంటే ప్రతి నెలకూ, ప్రతి సీజన్‌కూ దాని సొంత సగటు ఒకటి ఉంటుంది. వచ్చిన అంకెలోంచి ఆ సగటును తీసేయాలి. మిగిలేదే అసలు కబురు. ఈ సగటు లెక్క వాకర్ కనిపెట్టింది కాదు, అంతకుముందే ఉంది. కానీ ఇలా మిగిలిన తేడాలను దేశదేశాల నుంచి తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, వాటి మధ్య బంధుత్వం ఎంతో అంకెల్లో కొలిచిన పని మాత్రం ఆయనదే.

ఇదే సూత్రాన్ని ఇప్పుడు ప్రభుత్వ గణాంకాల్లో సీజనల్ సర్దుబాటు అంటున్నారు. మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధర పెరిగితే అది ఏటా ఆ నెలలో పెరిగేదేనా, లేక నిజంగా సరుకు కొరత వచ్చిందా? జూన్, జులైలో చిత్తూరు మామిడి ఫ్యాక్టరీల్లో పని దొరికితే ఉపాధి పెరిగినట్టేనా, లేక తోతాపురి కాయల సీజన్ కాబట్టి దొరికిందా? సీజన్‌ను తీసి పక్కన పెడితే తప్ప ఈ ప్రశ్నలకు జవాబు రాదు.

వానలు శాశ్వతంగా పోయాయా?

వాకర్ వచ్చేనాటికి దేశంలో ఓ భయం బలంగా ఉంది. వరుసగా కొన్నేళ్లు వానలు తగ్గాయి. అడవులు నరికేశారు కాబట్టి ఇక వానలు ఎప్పటికీ తగ్గిపోయాయని చాలామంది నమ్మారు. మనమూ ఇప్పుడు రెండేళ్లు వాన తప్పితే, మా చిన్నప్పటి వానలు ఇప్పుడెక్కడివి అంటాం కదా. అలాంటిదే.

వాకర్ పాత రికార్డులు తిరగేసి, 1910లో తన నిర్ణయం ప్రకటించాడు. భారతదేశంలో వానలు శాశ్వతంగా తగ్గిపోయాయని చెప్పడానికి తన ముందున్న లెక్కల్లో ఆధారం లేదన్నాడు. కొన్నేళ్లు తగ్గడం, మళ్లీ కొన్నేళ్లు పెరగడం వానల సహజ నడకలోనే ఉందని తేల్చాడు. అది వందేళ్ల కిందటి మాట. ఇప్పటి వాతావరణ మార్పుల ప్రశ్న వేరు, దానికి లెక్కలూ వేరు. కానీ జనం మాటలో, తన మనసులో ఉన్న అభిప్రాయంలో కాకుండా రికార్డుల్లో జవాబు వెతకాలన్న పట్టుదల అక్కడ కనిపిస్తుంది.

కంప్యూటర్లు లేని రోజుల్లో మనిషే కంప్యూటర్

ఆ తర్వాత వాకర్ చూపు దేశం దాటింది. వాన మనదే అయినా, దాని మూలం మన దగ్గరే ఉండాలని ఏముంది? మారిషస్‌లో గాలి ఒత్తిడి, ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌లో మే నెల వాన, దక్షిణ అమెరికాలో వేసవికి ముందు గాలి ఒత్తిడి, హిమాలయాల మంచు.. వీటన్నిటినీ మన వానలతో జత కట్టి చూశాడు.

రెండు వరుసల అంకెలు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెప్పే ఒక కొలత ఉంది. రెండూ అచ్చంగా కలిసి పెరిగి, కలిసి తగ్గితే ప్లస్ 1. ఒకటి పెరిగినప్పుడల్లా రెండోది అంతే కచ్చితంగా తగ్గితే మైనస్ 1. ఏ సంబంధమూ లేకపోతే సున్నా. ఇప్పుడు ఫోన్‌లో క్షణంలో వచ్చే ఈ లెక్కను అప్పుడు కాగితం మీద చేతితో చేయాలి. ఒక్క జతకే గంటలు పడుతుంది. వాకర్ చేయించింది వందల జతలకు!

ఈ పని చేసింది సిమ్లా ఆఫీసులోని భారతీయ గుమాస్తాలు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో శాఖలో చాలామంది యుద్ధం పనులకు వెళ్లిపోయినా లెక్కలు ఆగలేదు. పేరు వాకర్‌కు వచ్చింది. వేళ్లు అరిగేలా గుణకారాలు చేసినవాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించవు.

వంద జోస్యాల్లో ఒకటి తగలదా?

వందల జతలు చూస్తే ఇంకో ప్రమాదం ఉంది. దాన్ని అందరికంటే ముందు పట్టుకున్నవాళ్లలో వాకర్ ఒకడు.

ఒక జోస్యుడు వంద జోస్యాలు చెప్పాడనుకోండి. ఒకటో రెండో తప్పకుండా తగులుతాయి. జనం తగిలినవాటినే గుర్తుపెట్టుకుంటారు, పోయినవి మర్చిపోతారు. అంకెలతోనూ ఇదే మోసం. వంద చోట్ల గాలి ఒత్తిడిని మన వానతో పోల్చి చూస్తే, ఏ సంబంధం లేకున్నా ఒకటి రెండు చోట్ల గట్టి సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది. అది కేవలం కాకతాళీయం.

అందుకే 1914లో ఆయన ఓ నియమం పెట్టాడు. చాలావాటిలోంచి బాగున్నదాన్ని ఏరుకుంటే, దాన్ని నమ్మడానికి మామూలుకంటే చాలా గట్టి రుజువు ఉండాలి. ఎన్ని చూసి ఏరారో కూడా లెక్కలోకి తీసుకోవాలి. తను తవ్వి తీసిన సంబంధాలకు తనే పెట్టిన పరీక్ష ఇది. వాట్సాప్‌లో తిరిగే ప్రతి గ్రాఫ్‌కూ ఈ పరీక్ష పెడితే ఎన్ని నిలబడతాయో మరి!

మద్రాసులో ఒక మధ్యాహ్నం.. ఒక గుమాస్తా నోటుబుక్కు

వాకర్ జీవితంలో ఇంకో మలుపు ఉంది. దానికి వానతో సంబంధం లేదు. కానీ భారత గణిత చరిత్రలో అది మర్చిపోలేనిది.

1913 ఫిబ్రవరిలో ఆయన పని మీద మద్రాసు వచ్చాడు. అక్కడి పోర్టు ట్రస్టు ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తన ఆఫీసులో పనిచేసే ఒక గుమాస్తా రాసిన నోటుబుక్కులు ఆయనకు చూపించాడు. ఆ గుమాస్తా జీతం నెలకు 30 రూపాయలు. పేరు శ్రీనివాస రామానుజన్.

కేంబ్రిడ్జిలో ఫస్ట్ వచ్చిన వాకర్‌కు ఆ పేజీల విలువ అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అది తన విభాగం కాదని ఆయనకు తెలుసు. అయినా ఊరుకోలేదు. ఫిబ్రవరి 26న మద్రాసు యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు. ఈ యువకుడు పొట్టకూటి బెంగ లేకుండా కొన్నేళ్లు లెక్కల మీదే కూర్చునేలా చూడాలని సిఫార్సు చేశాడు. డిగ్రీ లేకపోయినా రామానుజన్‌కు నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ దక్కింది. మరుసటి ఏడాది ఆయన ఓడెక్కి వెళ్లింది వాకర్ చదివిన ట్రినిటీ కాలేజీకే.

ఏతం లాంటి సముద్రాలు

1918లో వాకర్ హయాంలోనే నైరుతి రుతుపవనాలు మళ్లీ ఘోరంగా దెబ్బకొట్టాయి. అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశాన్ని కమ్మేసింది. ఆకలి ఒకవైపు, జ్వరం ఒకవైపు. లెక్కలన్నీ బల్ల మీద ఉండగానే జనం రాలిపోయారు. ముందే చెప్పాలన్న ఆయన లక్ష్యం ఎంత దూరంలో ఉందో ఆ ఏడాది గుర్తుచేసింది.

అయినా అంకెల్లోంచి ఓ బొమ్మ మెల్లగా బయటపడుతోంది. పాతకాలంలో పొలాల్లో నీళ్లు తోడే ఏతం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక కొస పైకి లేస్తే రెండో కొస కిందికి దిగుతుంది. సరిగ్గా అలాగే హిందూ మహాసముద్రం వైపు, ఆస్ట్రేలియాలోని డార్విన్ వైపు గాలి ఒత్తిడి పెరిగితే, వేల మైళ్ల దూరంలో పసిఫిక్ మహాసముద్రం మీద ఒత్తిడి తగ్గుతోంది. ఇటు తగ్గితే అటు పెరుగుతోంది. కొన్నేళ్లకోసారి ఈ ఊగిసలాట తిరగబడుతోంది. ఆ ఊగిసలాటతో పాటు మన వానలూ మారుతున్నాయి.

1924లో వాకర్ దీనికి ఇంగ్లిష్‌లో సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. మన మాటల్లో దక్షిణ డోలనం. ఒక దేశం వాన కోసం మొదలైన వెతుకులాట భూగోళమంత బొమ్మను పట్టిచ్చింది. అదే ఏడాది ఆయన ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. సర్ బిరుదు వచ్చింది.

దేశం మొత్తానికీ ఒకే అంచనా సరిపోదని కూడా ఆయన గుర్తించాడు. వాయవ్య భారతం, ద్వీపకల్పం, ఈశాన్య భారతం అంటూ వానల తీరును బట్టి దేశాన్ని విడగొట్టి చూశాడు. ఈశాన్య భారతం విషయంలో తన లెక్క పనిచేయడం లేదని దాచుకోకుండా ఒప్పుకున్నాడు.

చెరువు లెక్క.. ఆఫీసుల దాకా

సిమ్లా వదిలాక లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరాడు. 1934 దాకా అక్కడే. ఆ రోజుల్లోనే, 1931లో, ఆయన రాసిన ఒక వ్యాసం గణాంక శాస్త్రంలో నిలిచిపోయింది.

దాన్ని అర్థం చేసుకోవడానికి మన ఊరి చెరువు చాలు. ఈ నెల చెరువులో నీళ్లు ఎంత ఉన్నాయి అన్నది రెండిటి మీద ఆధారపడుతుంది. ఒకటి పోయిన నెల ఎంత ఉన్నాయన్నది. రెండోది ఈ నెలలో కొత్తగా వచ్చిన వాన, అంటే అనుకోని కుదుపు. పోయిన నెల నిండుగా ఉంటే, వాన లేకపోయినా ఈ నెల కొంత మిగులుతుంది. అంటే చెరువుకు జ్ఞాపకం ఉంది. గాలి ఒత్తిడికీ, ధరలకూ, ఉత్పత్తికీ ఇలాంటి జ్ఞాపకమే ఉంటుంది. ఆ జ్ఞాపకం ఎంత బలమైనది, ఎన్ని నెలల వెనక్కి పోతుంది అన్నది ఎలా కొలవాలి?

1927లో బ్రిటిష్ గణాంకవేత్త ఉడ్నీ యూల్ సూర్యుడి మచ్చల లెక్కలతో ఈ దారి చూపించాడు. వాకర్ దాన్ని ఎన్ని అడుగుల వెనక్కైనా వెళ్లేలా విస్తరించి, డార్విన్ గాలి ఒత్తిడి మీద ప్రయోగించాడు. అవే ఇవాళ స్టాటిస్టిక్స్ విద్యార్థులు నేర్చుకునే యూల్-వాకర్ సమీకరణాలు.

దీంతో మనకేం పని అనుకుంటున్నారా? ప్రభుత్వ గణాంకాల్లో సీజన్ ప్రభావాన్ని తీసేయడానికి చాలా దేశాలు వాడే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్లలో ఒకటి ఎక్స్-13. అమెరికా జనగణన సంస్థ దీన్ని తయారు చేసింది. దాని లోపల అంకెల జ్ఞాపకాన్ని కొలిచే భాగం ఈ వంశానిదే. మన రిజర్వ్ బ్యాంక్ కూడా ధరలు, ఉత్పత్తి, డబ్బు చలామణి లాంటి వాటిలో ఏ నెలకు ఎంత సీజన్ ప్రభావం ఉంటుందో లెక్కగట్టి తన బులెటిన్‌లో ప్రచురిస్తుంది.

శ్రీవారి బ్రహ్మోత్సవాలే పెద్ద పాఠం

అయితే మన దేశంలో ఈ లెక్కకు ఓ చిక్కు ఉంది. మన పండుగలు ఇంగ్లిష్ క్యాలెండర్ మాట వినవు. దీనికి తిరుపతిని మించిన ఉదాహరణ లేదు.

2023లో తిరుమల శ్రీవారి సాలకట్ల బ్రహ్మోత్సవాలు సెప్టెంబర్‌లో జరిగాయి. అధిక మాసం వచ్చిన ఏడాది కాబట్టి అక్టోబర్‌లో నవరాత్రి బ్రహ్మోత్సవాలూ జరిగాయి. 2024లో ఒకే ఒక్కసారి, అక్టోబర్‌లో. ఇప్పుడు ఎవరైనా 2023 సెప్టెంబర్‌ను 2024 సెప్టెంబర్‌తో పోల్చి, తిరుపతిలో బస్సుల రద్దీ పడిపోయింది, హోటళ్లకు గిరాకీ తగ్గిందని వార్త రాస్తే? అంకె నిజమే. అర్థం తప్పు. గిరాకీ ఎక్కడికీ పోలేదు, పండుగ నెల మారిందంతే.

పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చి చూడటం మన దగ్గర ఎక్కువ అలవాటు. చాలాసార్లు అది సరిపోతుంది. కానీ దసరా, దీపావళి, బ్రహ్మోత్సవాలు నెలలు దాటినప్పుడు అదే పోలిక తప్పుదారి పట్టిస్తుంది. అందుకే కదిలే పండుగలను విడిగా లెక్కలోకి తీసుకోవాలి.

ఓడిపోయి గెలిచిన మనిషి

రిటైరైన తర్వాత కూడా వాకర్ చేతులు ఖాళీగా లేవు. వేణువు నిర్మాణం మీద పనిచేశాడు. పక్షులు రెక్క కదపకుండా గాల్లో ఎలా తేలుతాయో సిమ్లాలో ఉన్నప్పుడే గమనించేవాడు. గ్లైడర్ల మీద ఆసక్తి ఎప్పటికీ పోలేదు. 1958 నవంబర్ 4న, 90 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్‌లోని సర్రేలో కన్నుమూశాడు.

అప్పటికి ఆయన పేరు చుట్టూ పెద్ద వెలుగు లేదు. వాన అంచనాలు అనుకున్నంతగా ఫలించలేదు. ఆయన ఎంచుకున్న సంకేతాల్లో కొన్ని కాలం గడిచేకొద్దీ బలహీనపడ్డాయి. ఆ తర్వాత అదే శాఖకు అధిపతి అయిన చార్లెస్ నార్మండ్ ఇంకో చేదు నిజం గమనించాడు. దక్షిణ డోలనం చూసి మన వానను ముందే చెప్పడం కష్టం, మన వానను చూసి ఆ తర్వాత ప్రపంచంలో ఏం జరుగుతుందో చెప్పడమే కాస్త తేలిక! కరువు సీమల కోసం మొదలైన వెతుకులాటకు అది వింత ముగింపులా కనిపించింది.

కానీ కథ అక్కడ ఆగలేదు. వాకర్ పోయిన 11 ఏళ్లకు, 1969లో, జేకబ్ బ్యెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త ముడి విప్పాడు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో, వాకర్ చెప్పిన గాలి ఒత్తిడి ఊగిసలాట రెండూ ఒకే యంత్రానికి రెండు చక్రాలని చూపించాడు. పసిఫిక్ మీద తూర్పు పడమరలుగా తిరిగే ఆ గాలి చక్రానికి వాకర్ సర్క్యులేషన్ అని పేరు పెట్టాడు. వాకర్ దగ్గర సముద్రం లోపలి వేడి లెక్కలు లేవు. అంకెల ఆధారంతో ఆయన గీసిన బొమ్మ మాత్రం సరైనదే.

మరి మన తిరుపతి, చిత్తూరు సంగతేంటి?

ఇక్కడే మన జిల్లాల ప్రత్యేకత ఉంది. మనకు వాన రెండు విడతలు. పడమటి వైపు పుంగనూరు, కుప్పం లాంటి చోట్ల నైరుతి మీద ఆశ ఎక్కువ. తూర్పున శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు అక్టోబర్ నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలదే జోరు.

ఎల్ నినో ఏడాదుల్లో దేశమంతటా నైరుతి బలహీనపడే అవకాశం ఎక్కువ. కానీ అదే ఎల్ నినో ఈశాన్య రుతుపవనాలకు చాలాసార్లు ఊపునిస్తుంది. 2015 గుర్తుందా? బలమైన ఎల్ నినో ఏడాది. దేశంలో నైరుతి వాన సగటులో 86 శాతమే పడింది. అదే ఏడాది నవంబర్‌లో చిత్తూరు, నెల్లూరు జిల్లాలు కుండపోతతో తడిసి ముద్దయ్యాయి. చెన్నై మునిగింది. దేశం అంతా కరువు అంటుంటే మన దగ్గర వరద!

అయితే దీన్ని రాసిపెట్టిన రాత అనుకుంటే పొరపాటే. 2021 ఎల్ నినో ఏడాది కాదు, దానికి ఎదురుగా ఉండే లా నినా కాలం. లెక్క ప్రకారం ఈశాన్య వానలు కాస్త నెమ్మదించాలి. కానీ ఆ నవంబర్‌లోనే తిరుపతి వీధులు చెరువులయ్యాయి, తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ప్రాణాలు పోయాయి. ఇలాంటి సంకేతం మొగ్గు ఎటుందో చెబుతుంది. ఫలానా రోజు, ఫలానా ఊళ్లో ఏం జరుగుతుందో చెప్పదు. నమ్మకం పెట్టుకునే ముందు పరీక్ష పెట్టమని 1914లో వాకర్ చెప్పింది ఇందుకే.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో పాకాల దగ్గర గాదంకి ఉంది. అక్కడ అంతరిక్ష శాఖ కింద నడిచే జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల పెద్ద రాడార్‌తో 1990ల నుంచి ఆకాశాన్ని కొలుస్తోంది. అప్పుడు సిమ్లాలో గుమాస్తాలు కలాలతో చేసిన పనికి ఇప్పుడు యంత్రాలు తోడయ్యాయి. కానీ మూలసూత్రం మారలేదు. ఏళ్ల తరబడి ఆపకుండా కొలవాలి. ఆ సీజన్‌కు మామూలు ఎంతో తెలుసుకోవాలి. దాన్ని తీసేశాక ఏం మిగిలిందో చూడాలి.

కాబట్టి ఈసారి ఏప్రిల్‌లో ఆ వార్త వచ్చినప్పుడు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, వాతావరణ శాఖ లెక్కలో సాధారణం అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశమంతటి సగటు వానలో 96 నుంచి 104 శాతం మధ్య. ఆ సగటు ఇప్పుడు 87 సెంటీమీటర్లు. రెండు, అది దేశం మొత్తానికి, అదీ నైరుతికి చెప్పిన మాట. సత్యవేడు చెరువు నింపేది అక్టోబర్ తర్వాతి వాన. దాని కబురు వేరుగా వస్తుంది. దాన్ని కూడా చూశాకే విత్తనం సంగతి, నీళ్ల సంగతి ఆలోచించుకోవడం మంచిది.